వేలిముద్రకు కులం లేదా?

పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందిన పట్టణం. చుట్టూ పత్తి, మిర్చి పొలాలు. సున్నం చర్మాన్ని తింటుంది. రాయి, పార, ఎండిన పత్తికాయల మొనలు వేళ్లను గరుకు చేస్తాయి. రేషన్ దుకాణంలోని ఈ-పోస్ యంత్రం గుర్తుపట్టవలసింది ఆ వేళ్లనే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ విధానం 2015లో మొదలైంది. యంత్రం ఎవరి కులాన్నీ అడగదు, నిజమే. అయితే ఎవరి వేళ్లు అరగాలో కులవ్యవస్థ ఎప్పుడో నిర్ణయించింది. రాళ్లు కొట్టే వడ్డెరలు, కూలికి వెళ్లే మాల మాదిగలు, యానాదులు ఆ యంత్రం ముందు నిలబడేవారిలో ముందుంటారు.

ఈ జిల్లాలకు వేలిముద్ర కొత్తది కాదు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం, నమోదైన వారి వేలిముద్రలు తీసుకునే అధికారాన్ని వలస ప్రభుత్వానికిచ్చింది. బాపట్ల సమీపంలోని స్టువర్టుపురంలో ఎరుకలను సెటిల్‌మెంటులో ఉంచి నిఘా పెట్టారు. నేరం చేశారా అన్నది కాదు, ఎవరికి పుట్టారన్నదే అక్కడి ప్రశ్న. 1952లో ఆ చట్టం రద్దయింది. 2022 నాటి నేర గుర్తింపు చట్టం మాత్రం అరెస్టయిన వారి వేలిముద్రలు, కనుపాప చిత్రాల వంటి కొలతలను 75 ఏళ్లు భద్రపరచవచ్చంటోంది. నిర్దోషిగా తేలిన వారి వివరాలు తొలగించే నిబంధన ఉన్నా, అనుమానం ముందుగా ఏ గూడెం మీద వాలుతుందో మనకు తెలియనిది కాదు.

ఈ-పోస్ వల్ల దొంగ కార్డుల బెడద తగ్గుతుందని, వలస కూలీ ఏ ఊళ్లోనైనా బియ్యం తీసుకోగలడని సమర్థకులంటారు. రెండోది నిజమైన మేలే; మిర్చి కోతలకు వచ్చే కుటుంబాలకు అది అవసరం కూడా. నా అభ్యంతరం యంత్రం మీద కాదు, నిరూపణ భారం మీద. స్టువర్టుపురంలో నేరస్థుడిని కానని మనిషే నిరూపించుకోవలసి వచ్చింది. నేడు తాను తానేనని కూలీయే నిరూపించుకోవాలి. యంత్రం తప్పితే పస్తు మాత్రం అతనిది.

2018 సెప్టెంబరు 26న ఆధార్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు, వేలిముద్ర సరిపోలలేదన్న కారణంతో హక్కును నిరాకరించరాదని స్పష్టం చేసింది. ఆ మాట దుకాణం గుమ్మందాకా రావాలి. వేలు పడకపోతే ముందు బియ్యం ఇవ్వాలి, విచారణ తర్వాత జరపాలి. వెనక్కి పంపితే కారణం రాసివ్వాలి. దుకాణాలవారీగా, సామాజిక వర్గాలవారీగా ఆ వైఫల్యాల లెక్కను నెలనెలా ప్రకటించాలి. లబ్ధిదారుల కులాన్ని నమోదు చేసుకునే ప్రభుత్వానికి, తన యంత్రం ఏ కులాలను వెనక్కి పంపుతోందో లెక్కించడం అసాధ్యమేమీ కాదు.