టిక్కెట్టు లేదు సరే, బస్సేదీ?

నాట్లకు పోయే మనిషి తెల్లారి అయిదింటికే సద్ది కట్టుకుని రోడ్డెక్కుతుంది. టౌను నుంచి మొదటి బస్సు ఎనిమిదిన్నరకు వస్తే ఆమెకేం లాభం? అప్పటికి మడిలో సగం మునుం సాగిపోతుంది. అందుకని ఆటో. నలుగురు పట్టేదాంట్లో పన్నెండు మంది. అదీ దొరక్కుంటే ట్రాక్టరు తొట్టి.

2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరప కోతకు పోతున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది చనిపోయారు. అదే ఏడు జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర మరో ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది పోయారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా డ్రైవరు మీద కేసంటారు, నష్టపరిహారమంటారు. కూలి వేళకు బస్సుండాలి కదా అని ఎందరు అడిగారు?

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. మంచిదే. దాన్ని ఎగతాళి చేసే పెద్దమనుషులతో మనం గొంతు కలపనక్కర్లేదు. కానీ బస్సే రాని ఊరికి ఉచితమేమిటి?

అధికారులనడిగితే ఆ రూటులో సీట్లు నిండవు, కిలోమీటరుకు రాబడి లేదంటారు. ఎట్లా నిండుతాయి? ట్రిప్పు తగ్గించారు, వేళ తప్పింది, జనం ఆటోకు మళ్లారు. ఆ ఖాళీ సీట్లు చూపించి మిగిలిన ట్రిప్పూ ఎత్తేశారు. గేదెకు మేత తగ్గించి, పాలివ్వలేదని సంతకు తోలినట్టుంది! 1950 నాటి రోడ్డు రవాణా కార్పొరేషన్ల చట్టం జనానికి చాలినంత సర్వీసు నడపడం సంస్థ బాధ్యత అంది. వ్యాపార సూత్రాలూ పాటించమంది. వీళ్లకు రెండోదే గుర్తుంటుంది.

ఒకప్పుడు చాలా ఊళ్లలో రాత్రి బస్సు నిలిచేది. డ్రైవరూ కండక్టరూ బడి వరండాలో పడుకునేవారు. మొదటి ట్రిప్పు ఊరి నుంచే బయల్దేరేది. ఆ నైట్ హాల్టు మళ్లీ కావాలి. అయితే వాళ్లను వరండాలో దోమలకు వదిలేస్తే కుదరదు. తలుపున్న గది, మంచం, నీళ్లు, మరుగుదొడ్డి పంచాయతీ చూడాలి. అది మన పని కూడా.

కిక్కిరిసిన బస్సులో కండక్టరుతో తగువు పెట్టుకునే వారికి ఒక మాట. 2019లో తెలంగాణలో సుమారు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. ఖాళీలు భర్తీ చెయ్యాలన్నది కూడా వాళ్ల కోర్కెల్లో ఉంది. బస్సుకు మనిషి కావాలన్నది వాళ్లు జీతం పోగొట్టుకుని అడిగిన మాట.

కార్యకర్తలు నాట్లు మొదలవక ముందే ఊరూరా కూర్చుని రాసుకోవాలి: ఎందరు, ఏ ఊరికి, ఎన్నింటికి పోతారు, ఎన్నింటికి తిరిగొస్తారు. పత్తి తీతకు, మిరప కోతకు లెక్క వేరు, అదీ రాయండి. ఆ కాగితంతో డిపో మేనేజరు దగ్గరకు పోవాలి, ఆర్టీసీ సంఘం వాళ్లనూ వెంటబెట్టుకుని. ముందు అడగాల్సింది అయిదున్నర బస్సు.