గింజలో బలం, కంచంలో లెక్క

పోషకాలు పెంచిన పంటల గురించి పత్రికలలో వార్త వచ్చినప్పుడల్లా దాదాపు ఒకే ఛాయాచిత్రం కనిపిస్తుంది. తెల్లకోటు ధరించిన శాస్త్రవేత్త, ఆయన చేతిలో ఒక కంకి. ఆ చిత్రంలో ఉండవలసిన ఇంకొక మనిషి ఉండడు. పల్లెలో గడపగడపకూ తిరిగి ఈ పూట ఏం వండారు, ఎవరెంత తిన్నారు, గింజలు పండించుకున్నవా కొన్నవా అని అడిగి రాసుకునే మనిషి. ఆ మనిషి లేని చోట మంచి వంగడం కూడా తప్పు రోగానికిచ్చిన మంచి మందవుతుందని నా అభిప్రాయం. ఈ టపాలో ఆ అభిప్రాయానికి నాకున్న కారణాలు చెబుతాను.

మొదటి సాక్ష్యం మన తెలుగునేల మీదిదే. 1960, 70 దశకాలలో పేదదేశాల పోషకాహార సమస్య అంతా ప్రొటీన్ల కొరతేనన్న నమ్మకం బలంగా ఉండేది. 1964లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓపేక్-2 అనే మొక్కజొన్న రకంలో లైసిన్ అధికంగా ఉందని ప్రకటించారు. 1973లో లైసిన్ అధికంగా గల ఇథియోపియా జొన్నలు బయటపడ్డాయి. ఓపేక్-2 ఆధారంగా మన దేశంలోనూ శక్తి, రత్తన్, ప్రొటీనా అనే మొక్కజొన్న రకాలు వచ్చాయి. ఆ గింజ మెత్తన; పురుగు త్వరగా పట్టేది, దిగుబడీ తక్కువే. లైసిన్ కోసం బస్తాలు వదులుకునే రైతు ఎక్కడ ఉంటాడు?

1972లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ స్థాపితమైనప్పుడు, జొన్నలో లైసిన్ పెంచే పని కూడా దాని ముందుకు వచ్చింది. ఆ సంస్థ ఆర్థికవేత్తలు 1975లో ఆరు గ్రామాలను ఎంచుకొని అధ్యయనం మొదలుపెట్టారు. వాటిలో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు. మిగిలిన నాలుగు మహారాష్ట్రవి. పరిశోధకులు ఊళ్ళోనే కాపురముండి, కొద్ది వారాలకొకసారి అవే ఇళ్ళకు వెళ్ళి కూలి, అప్పు, పంట, తిండి అన్నీ నమోదు చేశారు. వీరిలో జేమ్స్ ర్యాన్, పి. పుష్పమ్మ తదితరులు ఇంటిల్లిపాది ఆహారాన్నీ మనిషి మనిషికీ లెక్క కట్టి 1984లో నివేదిక వెలువరించారు. ఆ పల్లెలలో ప్రధానమైన కొరత ప్రొటీనూ లైసినూ కాదనీ, క్యాలరీలు, ఏ, బీ, సీ విటమిన్లు, కాల్షియం అనీ అందులో తేలింది. జొన్నరొట్టెలోకి కాస్త పప్పు ఉంటే లైసిన్ లోటు తీరుతుంది. అసలు కడుపే నిండనప్పుడు తిన్న ప్రొటీన్ కూడా వంట చెరకులా ఖర్చయిపోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డా. సి. గోపాలన్ బృందం 1973లో పిల్లల మీద ప్రచురించిన అధ్యయనం కూడా ఈ దిక్కే చూపింది.

ఫలితంగా ఇక్రిశాట్ లైసిన్ వేటకు ప్రాధాన్యం తగ్గించి, దిగుబడి, దాని నిలకడల మీద దృష్టి పెట్టింది. ఆర్థిక పరిశోధన చేసిన అతి పెద్ద ఉపకారం ఇదేనని నేను అనుకుంటాను. శాస్త్రజ్ఞులు ఎంతో ఇష్టంగా చేపట్టిన పనిని, లెక్కలు ముందుపెట్టి, వద్దని చెప్పగలిగింది. ఇటువంటి పరిశోధనకు పేరు రాదు. చేయకుండా మానుకున్న పనికి ప్రారంభోత్సవం ఉండదు కదా!

చేయాలా వద్దా అని తేల్చడమే కాక, ఎలా చేయాలో చెప్పడం కూడా ఈ పరిశోధన పనే. 2016లో ప్రపంచ ఆహార బహుమతిని నలుగురు పంచుకున్నారు. మరియా ఆండ్రాడె, రాబర్ట్ మ్వాంగా వంగడాల శాస్త్రవేత్తలు. మిగతా ఇద్దరు, జాన్ లో, హొవర్త్ బౌయిస్, ఆర్థికవేత్తలు. జాన్ లో బృందం మొజాంబిక్‌లో నారింజరంగు చిలగడదుంపను ప్రవేశపెట్టినప్పుడు తీగలు పంచి చేతులు దులుపుకోలేదు. తల్లులకు పిల్లల తిండి గురించి బోధించారు. ఆ దుంపతో రొట్టెలు చేయించి, సంతలో నారింజరంగు పూసిన దుకాణాలు పెట్టించి, గిరాకీని కూడా నాటారు. రక్తంలో ఏ విటమిన్ తక్కువగా ఉన్న పిల్లలు నూటికి 60 మంది నుంచి 38కి తగ్గారు. కార్యక్రమం అందని ఊళ్ళలో మార్పు దాదాపు లేదు.

తరువాత మొజాంబిక్, ఉగాండాలలో ఇంకొక ప్రయోగం జరిగింది. కొన్ని ఊళ్ళలో దాదాపు మూడేళ్ళు శిక్షణ ఇచ్చారు, కొన్నింట ఒక ఏడాదితో ఆపారు. ఫలితాలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే అదే డబ్బుతో ఇంకా ఎన్నో ఊళ్ళకు వెళ్ళవచ్చునన్నమాట. ఏ ప్రయోగశాలా చెప్పలేని మాట ఇది.

జాంబియాలో చిక్కు రంగుతో వచ్చింది. అక్కడివారికి తెల్ల మొక్కజొన్నే అన్నం. పసుపు గింజంటే కరువునాటి దానపు తిండి, పశువుల దాణా. ఏ విటమిన్ పెంచితే గింజ నారింజరంగుకు తిరుగుతుంది. జనం దాన్నీ పసుపు ఖాతాలోనే వేస్తే శ్రమంతా వృథా. జె.వి. మీనాక్షి తదితర ఆర్థికవేత్తలు పల్లెవాసులకు వేర్వేరు రంగుల పిండి ఇచ్చి, దేనికెంత ధర పెడతారో పరీక్షించారు. నారింజను వారు పసుపుగా ఎంచలేదు, తెలుపుతో పోటీకి నిలబెట్టారు. పోషకాల సంగతి రేడియోలో విన్నా ఊరిపెద్ద నోట విన్నా ప్రభావం ఒకటేనని కూడా తేలింది. 2012లో ఆ వంగడాలు అక్కడ విడుదలయ్యాయి.

ఇక మన సంగతి. పటాన్‌చెరులోనే రూపొందిన ఇనుము అధికంగా గల సజ్జ 'ధనశక్తి' 2012లో మహారాష్ట్రలో విడుదలైంది. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ నుంచి జింకు అధికంగా గల 'డి.ఆర్.ఆర్. ధాన్ 45' 2016లో వచ్చింది. రెండూ గర్వించదగినవే. అయితే ఇనుముకూ జింకుకూ రంగు లేదు. కొనేవాడు కనిపెట్టలేడు గనుక ఎక్కువ ధర పెట్టడు. రైతుకు తూకమే లెక్క. మిల్లులో ఆ వడ్లు మామూలు వడ్లతో కలిసిపోతే జింకు ఎవరి కంచంలో పడిందో ఆ దేవుడికే తెలియాలి. ఈ చిక్కుకు ఒక తెలివైన దారి సజ్జలో దొరికింది. కొత్త సజ్జ రకమేదైనా కిలోకు కనీసం 42 మిల్లీగ్రాముల ఇనుము, 32 మిల్లీగ్రాముల జింకు ఉంటేనే విడుదలకు అర్హమని 2018లో నియమం పెట్టారు. ఎవరూ అడగకుండానే పోషకం అందుతుంది.

కానీ తెలుగునాట సజ్జరొట్టె తినేవారెందరు? 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పేదవాడి కంచంలో వరి స్థిరపడింది, జొన్నా సజ్జా పక్కకు జరిగాయి. మన రెండు రాష్ట్రాలలోనూ సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇక్కడి శాస్త్రం పుట్టించిన ఇనుము ఇక్కడి ఆడవాళ్ళ కంచం దాకా రావాలంటే దారి చౌకధరల దుకాణం గుండానే ఉంది. ఆ దారి వేయడం విత్తనశాస్త్రం పని కాదు.

ఇదంతా ఎందుకు, పప్పూ ఆకుకూరా గుడ్డూ తింటే చాలదా అనేవారున్నారు. నిజమే, చాలును. కానీ దేశంలో తలసరి పప్పుల లభ్యత 1961లో రోజుకు 69 గ్రాములుండగా 2001 నాటికి 30కి పడిపోయింది. ధాన్యానికి మద్దతూ నీరూ దొరికాయి, పప్పులు మెట్టకు మిగిలాయి. ఔరేపల్లి అధ్యయనం రోజుల్లో లైసిన్ అక్కరలేదనడానికి ఆధారమైన ఆ కాస్త పప్పు ఇప్పుడు ఇళ్ళలో ఎంత ఉందో మళ్ళీ కొలిస్తేగానీ, గింజలో ఏం పెంచాలో ఈనాటికి సరిపడేలా చెప్పలేము.

అందుచేత నేను కోరేది పెద్దదేమీ కాదు. పోషక వంగడానికి డబ్బు కేటాయించే ప్రతిచోటా, సంకరం చేయడానికి ముందే కొన్ని ఊళ్ళలో ఏడాది పొడవునా కంచాల లెక్క తీయాలి. ఇంట్లో ఆఖరున తినే మనిషి కంచాన్ని విడిగా లెక్కించాలి. ఆ లెక్క వద్దంటే ఆగిపోయే ధైర్యం ఉండాలి. విత్తనం సిద్ధమయ్యాక దాన్ని ఒప్పించి అంటగట్టడానికి సామాజిక శాస్త్రవేత్తను పిలవడం, ముహూర్తం దాటాక జాతకం చూపించుకోవడం వంటిది.