కలం పీక పిసక్కండి!

అభిమాన హీరో బొమ్మని టాబ్లెట్ మీద గీసి మురిసిపోయేవాళ్ళు మీలో ఎంతమంది? చేతులెత్తండి! ఎత్తేటప్పుడు మణికట్టు 'అబ్బా' అందా? అయితే ఈ వారం కబుర్లు మీకోసమే.

బాపుగారు సినిమా తీసేముందు షాట్లన్నీ బొమ్మలుగా గీసుకునేవారని విన్నారుగా! ఆ పనే ఇవాళ చాలామంది కుర్రాళ్ళు స్టైలస్‌తో చేస్తున్నారు. ఆ మధ్య ఓ గ్రాఫిక్స్ స్టూడియోలో ఒకతన్ని చూశాను. గీత బ్రహ్మాండంగా వుంది. కానీ వేళ్ళ కణుపులు తెల్లబడేలా కలాన్ని పట్టుకున్నాడు, పారిపోతున్న విలన్ని పట్టుకున్నట్టు!

ఎందుకలా? కాగితానికి గరుకు వుంటుంది, పెన్సిల్ని ఆపుతుంది. అద్దం నున్నన. కలం జారుతుందని చెయ్యి తనకు తెలియకుండానే బిగుసుకుంటుంది. అసలు సంగతేమిటంటే, గీత లావు మారేది మొన మీద పడే ఒత్తిడితో, వేళ్ళ పట్టుతో కాదు. వేళ్ళతో మీరెంత పిసికినా గీత రవ్వంత కూడా లావెక్కదు. ఆ కష్టమంతా దండగ!

మరేం చెయ్యాలి? ముందు సెట్టింగుల్లోకి వెళ్ళి, మెల్లగా తాకినా ముదురుగీత పడేట్టు ప్రెషర్ మార్చుకోండి. కలం సన్నగా వుంటే లావుపాటి రబ్బరు తొడుగు వెయ్యండి. మొనకి కాస్త పైన, వదులుగా పట్టుకోండి. ఎవరైనా లాగితే జారి వచ్చేయాలి, అంత వదులుగా! కళ్ళూ ముక్కూ గీయడానికి వేళ్ళు చాలు. పొడుగు గీతలకి మాత్రం మోచెయ్యీ, భుజమూ కదలాలి. మణికట్టు వంచకుండా, పలకని కాస్త ఏటవాలుగా పెట్టుకోండి. అరగంటకోసారి 'ఇంటర్వెల్' ఇచ్చి వేళ్ళు విదిలించండి.

ఇంకోమాట. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రిళ్ళు నిద్రలేపుతున్నాయా? మణికట్టులోంచి వెళ్ళే నరం నలుగుతోందేమో! డాక్టర్లు దాన్ని 'కార్పల్ టన్నెల్' అంటారు. అమృతాంజనం రాసి సరిపెట్టుకోకండి. వెంటనే చూపించుకోండి. ముదిరితే పట్టే తప్పిపోవచ్చు.

'నొప్పి లేనిదే కళ రాదు' అనే డైలాగు వినడానికి బాగానే వుంటుంది. నమ్మకండి. మేడమీంచి దూకాలంటే హీరోకి డూపు వుంటాడు. బొమ్మలు గీసే మీ చేతికి మాత్రం డూపు లేడు గురూ!

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.