శస్త్రచికిత్సయు నొప్పి మందును

పత్తి తీతలు, మిరప కోతలు ముగిసి చేతికి నాలుగు డబ్బులు వచ్చినగాని గుంటూరు, ఒంగోలు సీమల రైతు వాయిదా వేసికొన్న ఆపరేషనుకై పట్టణమునకు రాడు. వచ్చి గది అద్దె యెంత, కుట్లు విప్పుట యెన్నడని యడుగును. మత్తు డాక్టరెవరని మాత్ర మడుగడు. అడుగవలసిన దదియే.

నల్లమందు సారమగు మార్ఫియాయు, 1960లో బెల్జియమున పాల్ జాన్సెన్ రూపొందించిన ఫెంటనిల్‌యు శస్త్రచికిత్సలో గొప్ప యుపకారులు. అయితే ఫెంటనిల్ మార్ఫియాకంటె సుమారు నూరు రెట్లు తీక్ష్ణము; మైక్రోగ్రాములలో కొలువవలయును. మోతాదు మించెనా, రోగి నిద్రించునట్లే యుండి యూపిరి మందగించును. ప్రాణవాయువు పెట్టియున్నచో పల్స్ ఆక్సిమీటరు సయిత మాలస్యముగా హెచ్చరించును. కావున శ్వాసలు లెక్కించు మనిషియు, విరుగుడగు నాలోక్సోన్‌యు మంచము చెంతనే యుండవలయును. ఆ విరుగుడు మార్ఫియాకంటె ముందుగనే శక్తి యుడుగును గనుక, రోగి తేరుకొనెనని కావలి చాలించరాదు.

భయపడి మందు మానుటయు మాకు సమ్మతము గాదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునకు జడిసి పెక్కు ఆసుపత్రులు మార్ఫియా నిలువ యుంచుటయే మానినవి. 2014 సవరణ యా చిక్కును సడలించినది. అయినను కోతగాయముతో మూల్గువానిని ఓర్చుకొమ్మనుట నేటికిని వినుచున్నాము. రుసుము పుచ్చుకొని యోర్పు నుపదేశించుట యేమి వైద్యము?

1946లోనే వైద్యకళాశాల వెలసిన గుంటూరున నీ యలసత్వము చెల్లదు. ఆపరేషను నాటి రాత్రి కావలి యెవరో నర్సింగుహోమువారు బంధువులకు ముందే చెప్పవలయును. రోగియు తన మద్యపానమును, నిద్రమాత్రలను, గురకను దాచక మత్తు డాక్టరునకు దెలుపవలయును.