బాత్రూం ఎక్కడన్నా?

హైదరాబాదు నుంచి మచిలీపట్నానికి అని ఫోన్లో దారి వెతకండి. ఒక నీలం గీత వస్తుంది. హైదరాబాదు దాటాక ఎనభై కిలోమీటర్లలోపే ఆ గీత మీద మా చిట్యాల ఉంటుంది. పుణెలో మొదలైన 65వ నంబరు జాతీయ రహదారి మా దగ్గర్నుంచే సూర్యాపేట, కోదాడ, విజయవాడ దాటి బందరులో సముద్రం దగ్గర అయిపోతుంది. అంటే మీ సముద్రయాత్ర మా ఇంటి ముంగట నుంచే పోతుంది. కానీ మీరు రాసే యాత్రల్లో మా ఊరు ఉండదు. ఉంటే, టీ తాగిన చోటుగా ఒక వాక్యంలో వచ్చి పోతుంది.

ఆ రోడ్డు పక్కన మా నాయినకు టీ హోటల్ ఉండేది. బడి అయిపోయాక నేను గ్లాసులు కడిగేవాణ్ణి. నా చిన్నతనమంతా బయటివాళ్ళు మా ఊరిని అడిగిన ప్రశ్నలు రెండే. "బాత్రూం ఎక్కడన్నా?" "విజయవాడ ఇంకెంత దూరం?" రోడ్డు నాలుగు లైన్లయినప్పుడు ఆ హోటల్ పోయింది. ఇటు ఇల్లు, అటు పొలం ఉన్నవాళ్ళకు నడుమ వంద మీద పోయే కార్లొచ్చాయి. రోడ్డు దాటబోయి తిరిగిరానోళ్ళు ప్రతి వాడకూ ఉన్నారు. ఇంత జరిగినా ప్రశ్నలు మాత్రం ఆ రెండే మిగిలాయి.

మా ఊరిని పొగడండి అని కాదు నా గోల. చిట్యాలలో చూడటానికి ఏముందంటే నిజంగానే నేను తడుముకుంటా. నా కోపం యాత్రా వ్యాసం అనే పేరుతో మనం రాస్తున్న, చదివి లైకులు కొడుతున్న సరుకు మీద. నాలుగు బీచులు, నడుమ నాలుగు "ప్రశాంతమైన పల్లెలు", ఒక చేపల పులుసు, చివర్లో తనను తాను తెలుసుకున్నట్టు ఒక పేరా. ఇందులో పల్లె ఒక వాల్‌పేపర్. కారు అద్దం లోంచి కనబడినంత మేరే దాని బతుకు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ సరుకు నేనూ రాశాను. ఒక మే నెలలో నలుగురు దోస్తులం కారేసుకుని పోయాం. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం వెంబడి 216వ నంబరు రహదారి ఉంది. కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, బందరు, అవనిగడ్డ, రేపల్లె, బాపట్ల, చీరాల. పేర్లు వింటేనే నోరూరే దారి. పోయేటప్పుడు చిట్యాలలో ఆగలేదు కూడా. "ఇదే మా ఊరు" అని చెయ్యి చూపించా. కారు తొంభై మీద ఉంది. దోస్తులు తల తిప్పేలోపు ఊరు అయిపోయింది.

వచ్చి వ్యాసం రాశాను. ఒడ్డున వరుసగా పెట్టిన పడవలు, వాటి నీడలో పేకాడుకునే మనుషులు, కాలం నిలబడిపోయినట్టున్న మధ్యాహ్నాలు. బాగుందన్నారు అందరూ. తర్వాత ఎప్పుడో తెలిసింది, తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధమని. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. పడవలు ఒడ్డునున్నది అందానికి కాదు. పేకాడుతున్నవాళ్ళకు రెండు నెలలు పని లేదు. నేను ప్రశాంతత అని రాసింది వాళ్ళ ఖాళీ జేబు.

దీనికన్నా సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో అలలు వచ్చి రోడ్డును కొడతాయి. రాళ్ళు పోశారు, గోడ కట్టారు, అయినా తుఫాను వచ్చినప్పుడల్లా రోడ్డు తెగుతుంది. మేం అల మీద పడేలా నిలబడి వీడియోలు తీసుకున్నాం. పక్కనే ఎండు చేపలు అమ్ముతున్న పెద్దామె నవ్వుతూ అడిగింది.

"తడిసిపోయారా బాబూ?"

"మస్తుగుందమ్మా" అన్నాను.

"అదిగో, ఆ రెండో అల ఇరుగుతుందే, అక్కడుండేదండి మా ఇల్లు. మా అత్తగారు కట్టించింది."

చెప్పి మళ్ళీ చేపల మీద ఈగలు తోలుకుంది. ఉప్పాడ దశాబ్దాలుగా సముద్రానికి ఇళ్ళు ఇచ్చుకుంటూ వస్తున్న ఊరు. ఆ ఊరి జాందానీ చీరలు తెలియనివాళ్ళు తక్కువ, ఆ మునిగిన వీధులు తెలిసినవాళ్ళు తక్కువ. నా వ్యాసంలో ఆమె లేదు. మర్చిపోయి కాదు, మూడ్ చెడుతుందని తీసేశాను. ఆ చోట "అలలు రోడ్డును ముద్దాడుతున్నాయి" అని రాశాను. మా ఊరి కాడ బాత్రూం అడిగి పోయినోడికీ నాకూ తేడా ఏముంది? వాడు నయం. వాడు దాన్ని సాహిత్యం అనలేదు.

దివిసీమలోనూ అంతే. హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలిసే చోట నిలబడి సూర్యోదయం గురించి ఒక పేజీ రాశాను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి పదివేల మందికి పైగా కొట్టుకుపోయిన నేల అది. ఆ రాత్రిని చూసినవాళ్ళు ఆ ఊళ్ళలో ఇంకా ఉన్నారు. అడిగితే చెప్తారు. నేను అడిగింది కాఫీ ఎక్కడ దొరుకుతుందని.

ఆ కృష్ణకు మాకు సంబంధం లేదా? 1955లో పునాది వేసిన నాగార్జునసాగర్ మా నల్లగొండ జిల్లాలోనే ఉంది. పైన ఆనకట్టలు కట్టాక డెల్టాకు చేరే ఒండ్రు బాగా తగ్గిందని, ఒడ్డు కోసుకుపోవడానికి అదొక ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు ఏళ్ళుగా చెప్తున్నారు. అదే నది పక్కన ఉండి కూడా మా జిల్లా పల్లెలు తరాలుగా ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయాయి. ఒక్క నది వెంట నడిస్తే ఇటు మా కథ, అటు వాళ్ళ కథ దొరుకుతాయి. మనం నది దగ్గర ఆగేది ఫొటో కోసం.

రోడ్ ట్రిప్ అంటే సరదా, దానికింత బరువెందుకు అంటారు. సరదాకు పోండి, నేనూ పోతా. అందం చూడటం పాపమేమీ కాదు. కానీ రాసి అచ్చేసి యాత్రా సాహిత్యం అన్నప్పుడు దానికొక లెక్క ఉంటుంది. తెలుగులో ఆ లెక్క మనకు ముందే ఉంది. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు పూరీ మీదుగా తీరం వెంబడి మద్రాసు చేరాడు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర' తీసి చూడండి. మజిలీ మజిలీకి నీళ్ళు ఎట్లా ఉన్నాయి, అంగట్లో ఏం దొరుకుతుంది, దారి ఎట్లా ఉంది, ఆ నేలను ఎవరు ఏలుతున్నారు అని రాసుకుంటూ పోయాడు. ఆయనేం సామాన్యుడు కాదు, మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. బోయీలు మోస్తుంటే పల్లకీలో పోయాడు. పల్లకీలో పోయినాయనకున్న సోయి ఏసీ కార్లో పోయే మనకు లేదు. దాదాపు రెండు వందల ఏళ్ళలో మన ప్రయాణం వేగం పెరిగింది, ప్రశ్నలు తగ్గాయి.

టూరిస్టులొస్తే ఊరికి నాలుగు డబ్బులొస్తాయి కదా అనే మాట కూడా ఉంది. రోడ్డు పక్కన టీ అమ్మిన ఇంట్లో పుట్టినోణ్ణి, డబ్బు విలువ నాకు చెప్పకండి. టీకి మీరిచ్చిన పది రూపాయలు న్యాయమే. కానీ ఆ పది రూపాయలతో ఊరి కథ మొత్తం కొన్నట్టు రాయడం న్యాయం కాదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. పది చోట్ల ఆగే బదులు రెండు చోట్ల ఆగండి. ఆగిన చోట ఒక పూట ఉండండి. తాగే నీళ్ళు ఏడికెళ్ళి వస్తున్నాయి, ఈ రోడ్డు రాకముందు ఇక్కడేముండేది, ఈ నెల పని దొరుకుతుందా అని అడగండి. వచ్చిన జవాబు మీ వ్యాసం మూడ్‌ను పాడు చేస్తే పాడు చేయనీయండి. సముద్రం దాకా పోనక్కర్లేదు, మా మండలం నుంచే మొదలుపెట్టొచ్చు. ఇదే దారిలో గుండ్రాంపల్లి ఉంది. రజాకార్లు చంపినవాళ్ళ గుర్తుగా అక్కడ స్తూపం ఉంది. దాని ముందు నుంచే పోతారు. ఎన్నిసార్లు పోయారో గుర్తు చేసుకోండి.

నా పాత వ్యాసం తీసేయలేదు. దాని కింద ఉప్పాడ పెద్దామె చెప్పిన మాట చేర్చాను. చాలా ఆలస్యంగా.

వచ్చే సంక్రాంతికి ఎట్లాగూ పంతంగి టోల్ దగ్గర, మా చిట్యాల దగ్గర బండ్లు ఆగిపోతాయి. మీకు ఇష్టం లేకున్నా ఆగుతారు. అద్దం దించండి. మా నాయిన ఇప్పుడు హోటల్ నడపడు గానీ సాయంత్రాలు రోడ్డు పక్కనే కూర్చుంటాడు. బాత్రూం ఎక్కడో చూపిస్తాడు. పోయొచ్చినంక ఇంకొక్క ప్రశ్న అడగండి.