కాలు నొప్పి కాదన్నా.. కడుపు కథ!

పెళ్లి బరాత్‌లో గుర్రంతో సెల్ఫీ దిగని వాళ్లు మీలో తక్కువే కదా! అలాంటి గుర్రమొకటి పోయిన నెల నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. పేరు చాందినీ. తెల్లటి ఆడగుర్రం, 400 కిలోలు ఉంటుంది.

ఓనర్ ఫోన్ చేశాడు. "సార్, నిన్న సాయంత్రం నుంచి అడుగు వేస్తలేదు. గిట్టల మేకు దిగిందేమో."

వెళ్లి చూశాను. ముందుకాళ్లు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది. మేకు దిగితే ఒక కాలే కుంటాలి. ఇక్కడ రెండూ! గిట్ట మీద చెయ్యి పెడితే వేడి. దాని పైన నాడి దడదడా కొట్టుకుంటోంది.

"ఏం తిన్నది?" అన్నాను.

కాసేపు నసిగాడు. మొన్న రాత్రి తాడు తెంపుకొని, మూతి కట్టని మొక్కజొన్న బస్తాలో తల పెట్టిందట. నాలుగైదు కిలోలు లేపేసింది. "తిండే కద సార్, విషం కాదు కద!"

అదే తిరకాసు. గుర్రం గడ్డి కోసం పుట్టిన జీవి. దాని చిన్నపేగు పిండిపదార్థాన్ని కొంతవరకే అరిగిస్తుంది. పూటకు కిలో ఒంటి బరువుకు 1 గ్రాము దాటొద్దని మా లెక్క. అంటే చాందినీకి 400 గ్రాములు. కిలో మొక్కజొన్నలోనే 600 గ్రాములకు పైగా పిండి ఉంటుంది! మిగిలిందంతా పెద్దపేగులో పడుతుంది. అక్కడ గడ్డిని అరిగించే మంచి బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. పిండి దొరికితే వేరే బ్యాచ్ రెచ్చిపోయి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. ఆ పులుపుకు పాత బ్యాచ్ చచ్చిపోతుంది, పేగు గోడ దెబ్బతింటుంది, విషాలు రక్తంలో కలుస్తాయి. కక్కేద్దామన్నా గుర్రానికి వాంతి రాదు, పాపం.

ఆ మంట చివరికి గిట్టలో తేలుతుంది. లోపలి ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచే సన్నటి పొరలు వాచి పట్టు వదిలేస్తాయి. అప్పుడు గుర్రం బరువే దాని ఎముకను కిందికి తోసేస్తుంది. ఇదే లామినైటిస్. 1973లో అమెరికా ట్రిపుల్ క్రౌన్ గెలిచిన సెక్రటేరియట్‌కు కూడా ఈ జబ్బే వచ్చి, 1989లో దయామరణం ఇవ్వాల్సి వచ్చింది.

బస్తా ఖాళీ అయిన రాత్రే నాకు ఫోన్ వచ్చి ఉంటే కథ వేరు. కుంటడానికి ముందే గిట్టలను రెండు మూడు రోజులు ఐసులో ఉంచితే చాలావరకు కాపాడొచ్చు. ఇప్పుడైనా ఐసు పెట్టాం, నొప్పి మందులిచ్చాం, కాళ్ల కింద మెత్తగా ఇసుక పోశాం. ఎక్స్‌రేలో ఎముక కొద్దిగా తిరిగినట్టు కనిపించింది.

"పన్నెండు పెళ్లిళ్లు బుక్ అయినయ్ సార్. అడ్వాన్సులు గూడ తీస్కున్న."

"ఈ సీజన్‌కు లేదన్నా" అన్నాను. ఆ మాట చెప్పడం నాకు ఇంజెక్షన్ చేసినంత తేలిక కాదు.

చాలాసేపు దాని మెడ నిమురుతూ ఉండిపోయాడు. తర్వాత అడిగాడు, "మరి గడ్డి ఎంత వెయ్యాలె సార్?"

"ఎండుగడ్డి, రోజుకు 6 నుంచి 8 కిలోలు. గింజలు బంద్."

సుద్దముక్క తీసి షెడ్డు గోడ మీద రాసుకున్నాడు.