చిన్న ట్యాంకు... పెద్ద లెక్క!

క్రూయిజర్ బైకు అనగానే ముందు కంటపడేది దాని ట్యాంకే. హ్యాండిల్‌కీ సీటుకీ మధ్య నిండు బిందెలా కూర్చుంటుంది. ఆ బిందె తీసేసి చెంబంత ట్యాంకు పెట్టించుకోవడం కుర్రకారుకు ఓ సరదా. బండి సన్నబడినట్లుంటుంది, ఇంజిను ఠీవిగా కనబడుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. మరి నడపడానికి?

ఈ మోజు ఇప్పటిది కాదు. అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ కంపెనీ 1948లోనే తన చిన్న బండికి పల్లికాయను తలపించే ట్యాంకు పెట్టింది. 'పీనట్ ట్యాంక్' అన్న పేరు అలా వచ్చిందే. ఆ ఏడాది గుర్తుగా 2010లో 'ఫార్టీ ఎయిట్' అనే బైకును తెచ్చింది. దాని ట్యాంకులో పట్టేది దాదాపు 8 లీటర్లు. మన దేశంలో 2012లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్‌కేమో 20 లీటర్ల ట్యాంకు!

లీటరుకు 30 కిలోమీటర్లు వస్తుందనుకుందాం. 20 లీటర్లతో 600 కిలోమీటర్లు. అదే 8 లీటర్లయితే 240. మొగుడంపల్లి నుంచి జహీరాబాద్ మీదుగా హైదరాబాద్ వెళ్లి రావాలంటే 200 పైమాటే. అంటే నిండు ట్యాంకుతో బయల్దేరినా తిరిగొచ్చేసరికి అడుగంటుతుంది. రిజర్వు లేని ట్యాంకైతే, రాత్రివేళ లారీలు దూసుకుపోయే ముంబయి హైవే మీద బండి తోసుకుంటూ నడవాల్సిందే.

ఇక అమరిక సంగతి. కార్బురేటర్ బండ్లలో పెట్రోలు పైనుంచి కిందికి దానంతటదే దిగుతుంది. ట్యాంకు అడుగు మరీ కిందికి ఉంటే చివరి పెట్రోలు అందదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బైకులన్నీ దాదాపు ఇంజెక్షన్‌వే. వాటికి పంపు సాధారణంగా ట్యాంకులోనే మునిగి ఉంటుంది. పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. చిన్న ట్యాంకులో అది సరిగ్గా కూర్చోకపోతే గాలి పీల్చి బండి తన్నుకుంటుంది. మూతకు గాలి దారి లేకపోయినా కొంతదూరం వెళ్లాక ఇంజిను ఆగిపోతుంది. వీటన్నిటికన్నా భయం వెల్డింగుతోనే. అతుకు సన్నగా చిట్లినా చాలు, పెట్రోలు చుక్కలు పడేది వేడెక్కిన ఇంజిను మీదే. పెట్రోలు పోసిన పాత ట్యాంకును కోసి అతికించడమైతే మరీ ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

చట్టం మాటేమిటి? కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చిచెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడేలా అదే ఏడాది చట్టాన్నీ సవరించారు. కాబట్టి మెకానిక్ షెడ్డు కన్నా ముందు ఆర్టీఏ ఆఫీసు గడప తొక్కడం మంచిది.

ఇంట్లో అబ్బాయి ట్యాంకు మార్పిస్తానని పట్టుబడితే కోప్పడకండి. మూడే ప్రశ్నలు అడగండి. రోజూ తిరిగే దూరానికి ఎన్ని లీటర్లు కావాలి? సబ్బునీళ్లు పూసి, గాలి పట్టించి అతుకులు పరీక్షించారా? కాగితాల మీద అనుమతి ఉందా? మూడింటికీ జవాబు దొరికేదాకా పాత ట్యాంకునే ఉండనివ్వమనండి.